రన్ ఆగి రీస్టార్ట్ చేశాక ఫైళ్లు కలపడం ఎలా? ఓపెన్‌ఫోమ్ వాడేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఓపెన్‌ఫోమ్ అంటే గాలి, నీరు లాంటి ప్రవాహాలని కంప్యూటర్‌లో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్. అందులో ఒక లెక్క మొత్తాన్ని కేసు అని, దాన్ని నడపడాన్ని రన్ అని అంటాం. క్లస్టర్‌లో (చాలామంది పంచుకునే పెద్ద కంప్యూటర్) క్యూ టైమ్, అంటే మనకిచ్చిన గడువు, అయిపోయి కొందరికి, కరెంటు పోయి కొందరికి, డిస్క్ నిండిపోయి ఇంకొందరికి కేసు మధ్యలో ఆగుతుంది. రీస్టార్ట్ చేయడం పెద్ద పనేం కాదు. చిక్కంతా ఆ తర్వాత ముక్కలైన ఫైళ్లతోనే. కొత్తగా చేరిన ప్రతి బ్యాచూ ఇవే సందేహాలు అడుగుతోంది కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

ఉదాహరణకి అందరికీ తెలిసిన కేసే తీసుకున్నాను: గుండ్రటి సిలిండర్ చుట్టూ ప్రవాహం, రెనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం నునుపుగా ఉంటుందా, అల్లకల్లోలంగానా అన్నది సూచించేది) 100, వ్యాసం 1 మీటరు, వేగం సెకనుకి 1 మీటరు. 200 సెకన్లు నడవాలి, ప్రతి 10 సెకన్లకి ఫీల్డ్ (ఆ క్షణంలో అన్నిచోట్లా ఉన్న వేగం, పీడనం విలువలు) ఆ సమయం పేరున్న ఫోల్డర్‌లో సేవ్ అవుతుంది. 83.4 దగ్గర ఆగింది, 80 నుంచి మళ్లీ మొదలైంది.

## మళ్లీ మొదలుపెట్టే ముందు

రన్ మధ్యలో ఆగిపోయింది. వెంటనే రీస్టార్ట్ కొట్టేయొచ్చా?

రెండు నిమిషాలు ఆగండి. ముందు పోస్ట్‌ప్రాసెసింగ్ ఫోల్డర్ మొత్తాన్ని వేరే పేరుతో కాపీ చేసుకోండి. బలాలు, ప్రోబ్‌లు (ఎంచుకున్న బిందువుల దగ్గరి విలువలు), రెసిడ్యువల్స్ (లెక్కలో ఇంకా మిగిలిన లోపం) అన్నీ ఉండేది అందులోనే, పైగా సైజు కూడా సాధారణంగా తక్కువే. ఒకే సమయం నుంచి రెండోసారి మొదలుపెట్టినప్పుడు పాత ఫైలు మీదే కొత్తది రాసేసే ప్రమాదం ఉంది.

తర్వాత చివరి టైమ్ ఫోల్డర్ పూర్తిగా రాసి ఉందో లేదో చూడండి. డిస్క్ నిండిపోయి ఆగినా, రాస్తున్న క్షణంలోనే జాబ్‌ని కిల్ చేసినా ఆ ఫోల్డర్ సగంలో ఉండిపోతుంది. కంట్రోల్‌డిక్ట్‌లో (రన్ సెట్టింగ్స్ ఉండే ఫైలు) స్టార్ట్‌ఫ్రమ్ అన్నచోట లేటెస్ట్‌టైమ్ (చివరి సమయం) పెట్టి ఉంటే సాల్వర్ (లెక్క చేసే ప్రోగ్రాం) ఆ సగం ఫోల్డర్‌నే పట్టుకుంటుంది. ప్రాసెసర్ ఫోల్డర్లు (కేసుని కోర్లకి పంచినప్పుడు ఒక్కో ముక్కకి ఒకటి) అన్నిటిలోనూ ఆ సమయం ఉందా, ముందు సమయంతో పోలిస్తే ఫైళ్ల సంఖ్య, సైజు దాదాపు అంతే ఉన్నాయా, యూనిఫార్మ్ అనే లోపలి ఫోల్డర్‌లో టైమ్ ఫైలు ఉందా అన్నవి చూస్తే సరిపోతుంది. ఏ ఒక్క ప్రాసెసర్‌లో తేడా ఉన్నా ఆ సమయాన్ని అన్ని ప్రాసెసర్లలోనూ తీసేసి, దాని ముందు సమయం నుంచి మొదలుపెట్టండి.

వెనక్కి వెళ్లి పాత సమయం నుంచి నడుపుతున్నాను. ఆ సమయం తర్వాతి టైమ్ ఫోల్డర్లు అలాగే ఉంచొచ్చా?

ఉంచకండి. రన్ నిజానికి 110 దాకా వెళ్లింది, కానీ బౌండరీ కండిషన్ తప్పు అని తెలిసి మీరు 80కి వెనక్కి వచ్చారనుకోండి. 90, 100, 110 ఫోల్డర్లు పాత తప్పు రన్‌వి. కొత్త రన్ 97 దగ్గర ఆగితే 90 కొత్తది, 100, 110 పాతవి. మూడోసారి లేటెస్ట్‌టైమ్‌తో మొదలుపెడితే సాల్వర్ నేరుగా 110కి వెళ్లి తప్పు రన్‌ని కొనసాగిస్తుంది. ఎర్రర్ కూడా రాదు. వెనక్కి వెళ్లిన ప్రతిసారీ ఆ తర్వాతి ఫోల్డర్లన్నిటినీ కేసు బయటికి మార్చేయండి.

లాగ్ ఫైలు పోయింది. మళ్లీ తెచ్చుకోవచ్చా?

పోయింది పోయినట్టే. అవుట్‌పుట్‌ని ఒక్క > గుర్తుతో ఫైలులోకి పంపితే రీస్టార్ట్‌లో పాత లాగ్ చెరిగిపోతుంది, >> అయితే కింద చేరుతుంది. నా సలహా రెండూ కాదు, ప్రతి రన్‌కీ జాబ్ నంబరుతో వేరే లాగ్ పెట్టుకోవడం. ఏ రన్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చెప్పే నమ్మకమైన సాక్ష్యం అదొక్కటే.

ఫీల్డ్‌ని ఆస్కీలో (మనం చదవగలిగే అక్షరాల్లో) రాస్తే రీస్టార్ట్‌లో తేడా వస్తుందంటారు, నిజమేనా?

నిజమే. రైట్‌ప్రెసిషన్ (ఎన్ని అంకెలు రాయాలన్న సెట్టింగ్) ఏమీ మార్చకపోతే 6 అంకెలే రాస్తుంది. సాల్వర్ మెమరీలో డబుల్ ప్రెసిషన్ విలువలుంటాయి, అంటే దాదాపు 15, 16 అంకెలు. మీరు 80 నుంచి మొదలుపెట్టినప్పుడు మిగతా అంకెలన్నీ కోసేసిన ఫీల్డ్‌తో మొదలుపెడుతున్నట్టు లెక్క. సిలిండర్ లాంటి లామినార్ (ప్రవాహం నునుపుగా సాగే) కేసులో ఇది కనపడదు. ఎల్‌ఈఎస్ (అల్లకల్లోల ప్రవాహంలో పెద్ద సుడుల్ని నేరుగా లెక్కించే పద్ధతి) అయితే కాసేపటికే రెండు రన్‌లూ వేర్వేరు దారులు పడతాయి. రీస్టార్ట్ చేయాల్సి రావచ్చని ముందే తెలిస్తే బైనరీ పెట్టుకోండి, లేదా ఆస్కీలోనే 12కి పైన అంకెలు అడగండి.

శుభ్రంగా ఆపే పద్ధతి ఏదైనా ఉందా? క్యూ టైమ్ ఎలాగూ అయిపోతుందని నాకు తెలుసు.

ఉంది. రన్‌టైమ్‌మాడిఫయబుల్ అనేది ఆన్‌లో ఉంటే, రన్ నడుస్తుండగానే కంట్రోల్‌డిక్ట్ తెరిచి స్టాప్‌ఎట్ అన్నచోట రైట్‌నౌ అని మార్చి సేవ్ చేయండి. ఆ స్టెప్ పూర్తి చేసి, ఫీల్డ్ రాసి ఆగుతుంది. అప్పుడు బలాల ఫైలూ ఫీల్డూ ఒకే సమయం దగ్గర ముగుస్తాయి కాబట్టి అతుకు దగ్గర మీరు కోయాల్సిందేమీ ఉండదు. తిరిగి మొదలుపెట్టేటప్పుడు దాన్ని మళ్లీ ఎండ్‌టైమ్‌కి మార్చడం మర్చిపోతే మాత్రం ఒక్క స్టెప్ నడిచి ఆగిపోతుంది. దీనికి టెన్షన్ పడి ఫోన్ చేసేవాళ్లు చాలామందే ఉన్నారు.

## ఏ ఫైలు ఎక్కడుంది

ఫోర్సెస్ ఫోల్డర్‌లో 0 అని ఒకటి, 80 అని ఒకటి ఉన్నాయి. ఎందుకు రెండు?

ప్రతి రన్ తను మొదలైన సమయం పేరుతో ఒక ఫోల్డర్ తెరుచుకుని అందులో రాస్తుంది. 0 ఫోల్డర్‌లోని ఫైలు మొదటి రన్‌ది, 80 ఫోల్డర్‌లోనిది రీస్టార్ట్‌ది. ఫోల్డర్ పేరు రన్ ఎక్కడ మొదలైందో మాత్రమే చెబుతుంది, ఎక్కడ ముగిసిందో చెప్పదు. 0 ఫోల్డర్ ఫైలులో చివరి వరుస 80 కాదు, 83.4. కలిపేటప్పుడు జరిగే పొరపాట్లలో ఎక్కువ ఈ ఒక్క విషయం గమనించకపోవడం వల్లే.

80 ఫోల్డర్‌లోనే రెండు ఫైళ్లున్నాయి. ఒకదాని పేరు చివర అండర్‌స్కోర్ 80 అని ఉంది. ఇదేంటి?

80 నుంచి రెండుసార్లు మొదలుపెట్టారన్నమాట. బలాల లాంటి కొన్ని ఫంక్షన్ ఆబ్జెక్ట్‌లు (రన్ నడుస్తుండగా ఇలాంటి విలువలు లెక్కించి రాసే భాగాలు) ఆ పేరుతో ఫైలు ముందే ఉంటే దాన్ని చెరపకుండా, మొదలైన సమయాన్ని పేరుకి తగిలించి కొత్త ఫైలు తెరుస్తాయి. ఏది ముందుది, ఏది తర్వాతది అన్నది ఫైలు మార్చిన తేదీ చూసి, లాగ్‌తో సరిపోల్చుకుని తేల్చుకోండి. అన్ని ఫంక్షన్ ఆబ్జెక్ట్‌లూ ఇంత మర్యాద పాటిస్తాయని మాత్రం అనుకోవద్దు.

వేగం, పీడనం ఫీల్డ్ ఫైళ్లని కూడా కలపాలా?

అక్కర్లేదు. ఒక్కో సమయానికి ఒక్కో ఫోల్డర్ ఉంటుంది కాబట్టి అవి ఎలాగూ వరుసలోనే ఉంటాయి. పారావ్యూ (ఫలితాలని బొమ్మలుగా చూపే ప్రోగ్రాం) అన్నిటినీ ఒకే టైమ్‌లైన్‌గా చదువుతుంది. మీరు కట్ చేసి రాసుకున్న సర్ఫేస్ శాంపిల్స్ కూడా అంతే. కలపాల్సింది ఒక్కో వరుస చేరుతూ పెరిగే ఫైళ్లని మాత్రమే: బలాలు, కోఎఫిషియంట్లు, ప్రోబ్‌లు, రెసిడ్యువల్స్, ఫ్లో రేటు.

## కలిపేటప్పుడు

రెండు ఫైళ్లనీ క్యాట్ కమాండ్‌తో ఒకదాని కింద ఒకటి పెట్టేస్తే సరిపోదా?

రన్ శుభ్రంగా సేవ్ చేసి ఆగి ఉంటే, రెండో ఫైలు పైన ఉండే # వరుసలు తీసేసుకుంటే, సరిపోతుంది. మధ్యలో ఆగిన రన్‌కి సరిపోదు. మొదటి ఫైలు 83.4 దాకా వెళ్లాక రెండోది మళ్లీ 80 నుంచి మొదలవుతుంది కాబట్టి సమయం వెనక్కి నడుస్తుంది. గ్రాఫ్ గీస్తే ఆ చోట గీత వెనక్కి మడత పడి కనిపిస్తుంది, అది ఒక రకంగా మన అదృష్టం. గ్రాఫ్ గీయకుండా నేరుగా సగటు తీసేవాళ్లకి ఏదీ కనిపించదు, 3.4 సెకన్లు రెండుసార్లు లెక్కలోకి వచ్చేస్తాయి.

80 నుంచి 83.4 వరకు రెండు ఫైళ్లలోనూ విలువలున్నాయి. దేన్ని ఉంచాలి?

కొత్త రన్‌వి ఉంచండి. కారణం ఇది: 83.4 తర్వాత మీ దగ్గరున్న డేటా అంతా కొత్త రన్‌కి కొనసాగింపు. ఆ రన్ పుట్టింది 80 దగ్గర సేవ్ అయిన ఫీల్డ్ నుంచి. పాత రన్ 80 తర్వాత నడిచిన దారికి వారసులెవరూ లేరు, అది 83.4తో ముగిసిపోయింది. పాత వరుసలు ఉంచి 83.4 దగ్గర కొత్తదానికి మారితే, ఒక దారి మీద నుంచి ఇంకో దారి మీదకి దూకినట్టవుతుంది. లామినార్ కేసులో ఆ దూకడం కంటికి కనపడదు, టర్బులెన్స్ ఉన్నచోట కచ్చితంగా మెట్టులా కనిపిస్తుంది.

కాబట్టి కోత ఎప్పుడూ రీస్టార్ట్ చదివిన సమయం దగ్గరే: పాత ఫైలులో సమయం 80, అంతకంటే తక్కువ ఉన్న వరుసలు, కొత్త ఫైలులో 80 కంటే ఎక్కువ ఉన్నవి. సరిగ్గా 80 అనే వరుస కొత్త ఫైలులో ఉండొచ్చు, ఉండకపోవచ్చు, ఇలా కోస్తే ఎలాగైనా ఒక్కసారే వస్తుంది.

రన్ డైవర్జ్ అయి ఆగిపోతే ఇందులో వాదనే లేదు. పాత ఫైలు తోకలో ఉన్నది పేలిపోతున్న లెక్క, దాన్ని ఉంచడానికి ఏ కారణమూ లేదు.

అయితే ఆ తోకని పారేసే ముందు ఒకసారి వాడుకోండి. 80 నుంచి 83.4 వరకు పాత, కొత్త విలువల తేడా గ్రాఫ్ గీయండి. ఖర్చు లేని పరీక్ష ఇది. సెట్టింగ్స్ ఏమీ మార్చని లామినార్ కేసులో తేడా దాదాపు సున్నా ఉండాలి. మొదటి స్టెప్ నుంచే పెద్ద తేడా వస్తే రీస్టార్ట్‌లో ఏదో ఫైలు సరిగ్గా చదవలేదని అర్థం.

పైథాన్‌లో రెండూ కలిపి, సమయం ప్రకారం సార్ట్ చేసి, డూప్లికేట్లు తీసేశాను. అయినా గ్రాఫ్ రంపం పళ్లలా వస్తోంది. ఎందుకు?

డూప్లికేట్లు తీసేశానని మీరు అనుకున్నారు, పాండాస్‌కి (పైథాన్‌లో పట్టికల లైబ్రరీ) అసలు ఒక్క డూప్లికేటూ దొరికి ఉండదు. టైమ్ స్టెప్ కూరాంట్ సంఖ్యని (ఒక స్టెప్‌లో ప్రవాహం ఎన్ని గళ్లు దాటుతుందో చెప్పేది) బట్టి మారుతుంటే రెండు రన్‌ల సమయాలూ సరిగ్గా ఒకచోట పడవు. పాత ఫైలులో 80.0047 ఉంటే కొత్తదాంట్లో 80.0051 ఉంటుంది. సార్ట్ చేయగానే పాత వరుస ఒకటి, కొత్త వరుస ఒకటి, మళ్లీ పాతది ఒకటి, ఇలా పేకముక్కల్లా కలిసిపోతాయి. రెండు దారుల మధ్య అటూ ఇటూ ఊగే ఆ గీతే మీకు కనిపిస్తున్న రంపం.

డూప్లికేట్లు వెతికే పద్ధతి మానేసి, సమయంతో కోయండి. ఫోల్డర్ల పేర్లని సంఖ్యలుగా మార్చి వరుసలో పెట్టండి. ప్రతి ఫైలులోనూ తర్వాతి ఫోల్డర్ సమయాన్ని మించిన వరుసలు తీసేసి, ఆ తర్వాత అతికించండి. పేర్లని అక్షరాలుగా సార్ట్ చేస్తే 100 వచ్చి 80 కంటే ముందు కూర్చుంటుంది, అది చూసుకోండి. ఈ పద్ధతికి రెండు రీస్టార్ట్‌లైనా పది రీస్టార్ట్‌లైనా ఒకటే.

ఫోర్స్ ఫైలులో బ్రాకెట్లు అడ్డొస్తున్నాయి. ఎక్సెల్ తీసుకోవట్లేదు.

కొన్ని వెర్షన్లు వెక్టర్‌ని బ్రాకెట్లలో రాస్తాయి, పీడనం బలం ఒక గుంపు, స్నిగ్ధత బలం ఒక గుంపు. బ్రాకెట్లన్నిటినీ ఖాళీలుగా మార్చేస్తే మామూలు కాలమ్‌ల ఫైలు అయిపోతుంది. సెడ్ కమాండ్‌తో ఒక్క వరుస పని. ఎక్సెల్ గురించి ఒక మాట: ఒక షీట్‌లో 10,48,576 వరుసలే పడతాయి. ప్రతి స్టెప్‌కీ రాసే ప్రోబ్ ఫైలు దాన్ని తేలిగ్గా దాటేస్తుంది.

మధ్యలో ఓపెన్‌ఫోమ్ వెర్షన్ మార్చాను. డ్రాగ్, లిఫ్ట్ విలువలు తారుమారయ్యాయి.

విలువలు కాదు, కాలమ్‌లు మారాయి. కోఎఫిషియంట్ ఫైలులో ఏ కాలమ్ తర్వాత ఏది వస్తుందన్నది వెర్షన్‌ని బట్టి మారింది, ఫైలు పేరు కూడా అన్నిటిలో ఒకటి కాదు. పైనున్న # వరుసల్లో చివరిదాంట్లో కాలమ్ పేర్లుంటాయి. స్క్రిప్ట్‌లో మూడో కాలమ్, నాలుగో కాలమ్ అని రాయకుండా ఆ పేర్లతోనే పిలవండి. ఒకే కేసు నడుస్తుండగా వెర్షన్ మార్చకుండా ఉండటం ఇంకా మంచిది.

## ప్రాసెసర్ ఫోల్డర్లు

రీకన్‌స్ట్రక్ట్‌పార్ (ప్రాసెసర్ ఫోల్డర్లలోని ముక్కల్ని ఒకటిగా కలిపే కమాండ్) మొత్తం మళ్లీ చేయాలా? చాలా టైమ్ పడుతోంది.

న్యూటైమ్స్ ఆప్షన్ ఇస్తే ఇంతకుముందు కలపని సమయాలని మాత్రమే కలుపుతుంది. కానీ అది చూసేది ఆ పేరుతో ఫోల్డర్ ప్రాసెసర్ ఫోల్డర్ల బయట ఉందా లేదా అని మాత్రమే. తప్పు రన్‌లో 90ని ఒకసారి కలిపేసి, తర్వాత 80 నుంచి మళ్లీ నడిపి ఉంటే, ప్రాసెసర్ ఫోల్డర్లలో కొత్త 90 ఉన్నా బయట పాత 90 అలాగే ఉండిపోతుంది. అలాంటప్పుడు బయటి పాత ఫోల్డర్లు తీసేసి చేయండి. చూడటానికి మాత్రమే అయితే కలపనే అక్కర్లేదు, పారావ్యూలో కేసు రకం డీకంపోజ్డ్ అని ఎంచుకుంటే నేరుగా చదువుతుంది.

ముందు 16 కోర్లతో నడిచింది, ఇప్పుడు 32 దొరికాయి. మార్చొచ్చా?

మార్చొచ్చు. కానీ ఈ క్రమంలోనే చేయండి. ముందు కావాల్సిన సమయాలన్నీ రీకన్‌స్ట్రక్ట్ చేయండి. ఎందుకంటే డీకంపోజ్‌పార్‌కి (కేసుని కోర్లకి విడగొట్టే కమాండ్) ఫోర్స్ ఆప్షన్ ఇస్తే ముందు ప్రాసెసర్ ఫోల్డర్లన్నిటినీ తీసేస్తుంది, కలపని సమయాలు కూడా వాటితో పాటే పోతాయి. తర్వాత కోర్ల సంఖ్య మార్చి, ఫోర్స్‌తో పాటు లేటెస్ట్‌టైమ్, కాపీయూనిఫార్మ్ ఆప్షన్లు ఇచ్చి విడగొట్టండి. ఈ చివరిది చాలామందికి తెలియదు. అది ఇవ్వకపోతే యూనిఫార్మ్ ఫోల్డర్ కొత్త ప్రాసెసర్లకి వెళ్లకపోవచ్చు. టైమ్ స్టెప్ సైజు, సగటు ఎంతసేపటి నుంచి తీస్తున్నామన్న లెక్క ఉండేది అందులోనే.

## సగటులు

రీస్టార్ట్ తర్వాత సగటు ఫీల్డ్ మళ్లీ మొదటి నుంచి మొదలైంది. ఏం జరిగింది?

ఫీల్డ్‌యావరేజ్ (సగటు తీసే ఫంక్షన్ ఆబ్జెక్ట్) కొనసాగాలంటే రీస్టార్ట్ ఫోల్డర్‌లో రెండూ ఉండాలి: సగటు ఫీల్డ్ ఫైలు, ఇప్పటిదాకా ఎంతసేపు సగటు తీశామో రాసి ఉంచిన ఫైలు. రెండోది యూనిఫార్మ్ ఫోల్డర్‌లో ఉంటుంది. చోటు కోసం దాన్ని తీసేస్తే లెక్క మొదటికొస్తుంది. రీస్టార్ట్‌ఆన్‌రీస్టార్ట్ అనే ఆప్షన్‌ని ఎవరైనా ట్రూ అని పెట్టారేమో కూడా చూడండి.

రెండు ముక్కలకీ వేర్వేరు సగటులే మిగిలాయి. కూడి రెండుతో భాగిస్తే తప్పా?

రెండు ముక్కల నిడివి సమానం కాకపోతే తప్పే. సమయంతో తూకం వేయాలి. మొదటి ముక్క 4 సెకన్లు, సగటు 0.30. రెండోది 6 సెకన్లు, సగటు 0.35. అప్పుడు (4 × 0.30 + 6 × 0.35) ÷ 10 = 0.33. మామూలుగా సగం చేస్తే 0.325 వస్తుంది.

హెచ్చుతగ్గుల వర్గ సగటు, అంటే వేరియన్స్, కలిపేటప్పుడు ఇంకో మెట్టుంది. రెండు ముక్కలకీ అది 0.0010 అనుకుందాం. తూకం వేసినా 0.0010 వస్తుంది, కానీ అది సరైన జవాబు కాదు. రెండు సగటులూ ఉమ్మడి సగటు 0.33కి ఎంత దూరంలో ఉన్నాయో కూడా చేర్చాలి: 0.4 × 0.03² + 0.6 × 0.02² = 0.0006. మొత్తం 0.0016. టర్బులెన్స్ తీవ్రత తక్కువ వచ్చిందని తల పట్టుకునేవాళ్లు ఒకసారి ఇక్కడ చూసుకోండి.

## కలిపాక చూసుకోవాల్సినవి

అతుకు దగ్గర పీడనంలో ఒక్కసారిగా ముల్లులా లేచింది. తీసేయొచ్చా?

ముందు కారణం చూడండి. బ్యాక్‌వర్డ్ స్కీమ్‌కి (సమయంలో ముందుకి లెక్కగట్టే రెండో ఆర్డర్ పద్ధతి) ఒక స్టెప్ కాదు, రెండు స్టెప్‌ల వెనకటి వేగం కావాలి. అందుకే రీస్టార్ట్ ఫోల్డర్‌లో వేగం ఫైలు పక్కనే అండర్‌స్కోర్ సున్నా పేరుతో ఇంకో ఫైలు ఉంటుంది. అనవసరమని దాన్ని తీసేస్తే మొదటి స్టెప్ ఒకటో ఆర్డర్‌కి దిగిపోతుంది. ఫ్లక్స్ ఫైలు (గళ్ల ముఖాల గుండా ఎంత ప్రవాహం వెళ్తోందో ఉండేది) తీసేసినా ఇలాంటి కుదుపే వస్తుంది. ఒకటి రెండు స్టెప్‌లలో సర్దుకుంటే గ్రాఫ్‌లో ఉంచి కింద ఒక మాట రాయండి. సర్దుకోకపోతే ఆ రీస్టార్ట్‌నే మళ్లీ చేయండి.

ఎఫ్‌ఎఫ్‌టీ (సిగ్నల్‌లో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో తేల్చే లెక్క) చేస్తే ఒక శిఖరం రావాల్సిన చోట రెండొచ్చాయి. కొత్త ఫిజిక్సా?

అతుకుని అనుమానించండి. రెనాల్డ్స్ 100 దగ్గర స్ట్రౌహాల్ సంఖ్య (సుడులు విడిపోయే ఫ్రీక్వెన్సీని వ్యాసం, వేగాలతో పోల్చి చెప్పేది) దాదాపు 0.165, అంటే మన కేసులో సుడి సుమారు 6 సెకన్లకి ఒకసారి విడిపోతుంది. ముక్కల్ని కోయకుండా అతికించి, వరుస నంబరునే సమయంగా తీసుకుంటే, 83.4 తర్వాత సిగ్నల్ మళ్లీ 80 దగ్గరికి వెళ్తుంది. ఆ 3.4 సెకన్లు ఒక చక్రంలో 0.56 వంతు, అంటే ఫేజ్ దాదాపు సగం చక్రం తప్పింది. విండో 40 నుంచి 120 వరకు తీసుకుంటే ఆ తప్పు ఇంచుమించు నడిమధ్యలో పడుతుంది. ముందు సగం, వెనక సగం అసలు ఫ్రీక్వెన్సీ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుని, దానికి రెండు పక్కలా రెండు శిఖరాలు లేస్తాయి. టైమ్ స్టెప్ మారుతుండే రన్‌లయితే సరిగ్గా కోశాక కూడా ముందు సమాన వ్యవధులకి ఇంటర్‌పొలేట్ చేసి, ఆ తర్వాతే ఎఫ్‌ఎఫ్‌టీకి ఇవ్వండి.

సరిగ్గా కలిసిందో లేదో తేలిగ్గా ఎలా తెలుస్తుంది?

సమయం కాలమ్‌లో ప్రతి వరుస విలువలోంచి దాని ముందు వరుస విలువని మైనస్ చేసి, ఆ తేడాల్లో అతి చిన్నదీ అతి పెద్దదీ చూడండి. చిన్నది సున్నా లేదా మైనస్ అయితే ఎక్కడో వరుసలు రెండుసార్లు వచ్చాయి. పెద్దది మామూలు స్టెప్‌కి చాలా రెట్లుంటే మధ్యలో ముక్క పోయింది. ఆ తర్వాత అతుకుకి అటూ ఇటూ ఓ పది వరుసలు కళ్లతో చూడండి.

మేం ఎఫ్‌డీఎస్ వాడతాం. దానికీ ఇదే గొడవా?

తక్కువే. అమెరికాలోని ఎన్‌ఐఎస్‌టీ తయారుచేసిన ఈ అగ్ని సిమ్యులేటర్, రీస్టార్ట్ ట్రూ అని పెట్టి అదే కేసు పేరుతో నడిపితే పాత సీఎస్‌వీ ఫైళ్లకే కొనసాగింపుగా రాస్తుంది. కేసు పేరు మార్చి నడిపితే ఫైళ్లు విడిపోతాయి, అప్పుడు మీరే కలపాలి. దాని సీఎస్‌వీలో పైన రెండు హెడర్ వరుసలుంటాయి, మొదటిది యూనిట్లు, రెండోది పేర్లు. రెండో ఫైలు నుంచి ఒక్క వరుసే తీసేస్తే ఇంకో వరుస మధ్యలో ఇరుక్కుని కాలమ్ మొత్తం అక్షరాలుగా మారిపోతుంది.

కలిపిన ఫైలు వచ్చేసింది. ముక్కలు డిలీట్ చేసేయనా?

వద్దు. కలిపిన ఫైలుని పోస్ట్‌ప్రాసెసింగ్ బయట వేరే ఫోల్డర్‌లో పెట్టండి, దానితో పాటు కలిపిన స్క్రిప్ట్‌ని కూడా. ముక్కలు ఎక్కడివి అక్కడే ఉండాలి. ఇంకో రీస్టార్ట్ వచ్చినప్పుడు కలిపిన ఫైలుకి కొత్త ముక్క తగిలించకుండా, స్క్రిప్ట్‌ని మొదటి నుంచి మళ్లీ నడపండి.